వణికే కాళ్లతోనే మొదటి అడుగు

భయపడటం అంటే విశ్వాసం లేకపోవడమేనని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు. విశ్వాసి దేనికీ భయపడడని ప్రసంగాల్లో వింటాం, సాక్ష్యాల్లో చెబుతాం. దాంతో నిజంగా భయపడుతున్నవాళ్లు ఆ మాట పైకి చెప్పడానికే సిగ్గుపడతారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తన ఇంట్లో మొట్టమొదటిసారిగా కాలేజీ గడప తొక్కుతున్న అమ్మాయి 'నాకు భయంగా ఉంది' అని పాస్టరుగారితో చెప్పుకోలేదు. 'నీకు విశ్వాసం తక్కువైందమ్మా' అంటారేమోనని ఆమె బెంగ. కానీ బైబిలు భయపడేవారిని అలా తీసిపారేయదు.

అపొస్తలుడైన పౌలునే చూడండి. తాను కొరింథుకు వచ్చినప్పుడు బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో వచ్చానని ఆ సంఘానికే దాచకుండా రాశాడు (1 కొరింథీ 2:3). అంతకుముందు ఫిలిప్పీలో ఆయన్ను బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. థెస్సలొనీక నుంచి రాత్రికి రాత్రే వెళ్లిపోవలసి వచ్చింది. ఏథెన్సులో కొందరు ఎగతాళి చేశారు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి వణకడంలో వింతేముంది? అయినా ఆయన కొరింథుకు వచ్చాడు. ప్రభువు కూడా ఆయన్ను గద్దించలేదు. రాత్రివేళ దర్శనమిచ్చి, భయపడక మాట్లాడమన్నాడు. నేను నీకు తోడుగా ఉన్నాను, ఈ పట్టణంలో నాకు చాలామంది ఉన్నారు అని ధైర్యం చెప్పాడు (అపొ.కా. 18:9,10). పౌలు అక్కడ 18 నెలలు నిలబడి సంఘాన్ని కట్టాడు.

'నాకు చాలామంది ఉన్నారు' అన్న మాటను మనం గమనించకుండా దాటేస్తాం. దేవుని తోడు తరచుగా మనుషుల రూపంలోనే వస్తుంది. పౌలుకు ఇల్లు, పని ఇచ్చినవారు అకుల, ప్రిస్కిల్ల అనే డేరాలు కుట్టే దంపతులు. ఆ తర్వాత సీల, తిమోతి వచ్చి కలిశారు. భయపడే మనిషికి ఉపదేశం కన్నా ముందు తోడు కావాలి.

ఈ సత్యానికి మన కళ్లెదుటే ఒక ఉదాహరణ ఉంది. 2013లో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వందమందికి పైగా భువనగిరి కోటబండపై కొండలెక్కడం నేర్చుకున్నారు. అప్పుడు ఆ గురుకులాల కార్యదర్శి పాలమూరు ప్రాంతపు అలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, శిక్షకుడు శేఖర్ బాబు. ఆ పిల్లల్లో నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఒకరు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. మొదటిసారి ఆ బండను చూసినప్పుడు తనకు భయం వేసిందని ఆమె తర్వాత చెప్పింది. భయం పోయాక ఎక్కుదామని కూర్చుంటే ఆమె ఈరోజుకీ బండ కిందే ఉండేది. పట్టుకోవడానికి తాడు ఉంది, పక్కన గురువు ఉన్నాడు, తోటి పిల్లలు ఉన్నారు. ఎక్కుతూ ఉంటే భయం తగ్గింది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాల్ వైపున మంచుచరియలు పడి 16 మంది చనిపోయారు. టిబెట్ వైపున ఉన్న పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ వెనక్కి తిరగలేదు. మే 25న ఇద్దరూ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు.

అలాగని ప్రతి కోరికా దేవుని చిత్తమేనని కాదు. పౌలు బితూనియకు వెళ్లాలనుకున్నాడు, ఆత్మ వెళ్లనివ్వలేదు (అపొ.కా. 16:7). దేవుడు ఆపితే ఆగాలి. అయితే మనల్ని ఆపింది దేవుడా, భయమా అన్నది నిజాయితీగా తేల్చుకోవాలి. మన పిరికితనానికి 'దేవుని చిత్తం కాదేమో' అని పేరు పెట్టుకోవడం భక్తి కాదు. తాడు లేకుండా బండ ఎక్కడం కూడా విశ్వాసం కాదు. శిక్షణ, సిద్ధపాటు, పెద్దల సలహా దేవుడిచ్చిన సాధనాలే.

మరి మన సంఘాలు ఏం చేయాలి? హైదరాబాద్‌లో సీటు వచ్చిన పిల్లతో హాస్టల్ దాకా వెళ్లే పెద్ద ఒకరు కావాలి. నర్సుగానో టీచరుగానో పనిచేస్తున్న విశ్వాసి ఆదివారం ఆరాధన అయ్యాక పదిమంది పిల్లలతో కూర్చోవాలి. కుట్టుమిషను కొనుక్కుని సొంతంగా బతకాలనుకునే విధవరాలికి మొదటి బట్టలు మనమే ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పరీక్ష తప్పి తలదించుకుని వచ్చిన కుర్రాడికి మన బల్ల దగ్గర చోటు ఉందని ముందే తెలియాలి. ఓడిపోయినా తనను పట్టుకునే చేతులున్నాయని తెలిసినవాడే ధైర్యంగా అడుగేస్తాడు.

ఈ ఊళ్లో నాకు చాలామంది ఉన్నారని ప్రభువు ఈరోజు కూడా చెబుతున్నాడు. భయపడుతున్న ఒక బిడ్డ చుట్టూ చూసినప్పుడు ఆ చాలామందిలో మనం కనబడాలి.