సందేశానికీ అనుమతి కావాలి

ఇటీవల మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతాన్ని ముందుగా పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఊరి పేరుగాని, మనుషుల పేర్లుగాని చెప్పబోము. చెప్పకుండా ఉండడమే ఇక్కడ మా ధర్మం.

పెళ్ళయి ఆరేళ్ళయిన ఒక సోదరి తన కాపురంలోని కష్టాలను ఒక న్యాయవాది కార్యాలయంలో చెప్పుకున్నది. ఆమె కోరింది సలహా మాత్రమే. ఖులా కోరితే మహర్ సంగతి ఏమవుతుంది, పిల్లల పోషణ ఎవరిపై ఉంటుంది అన్నది తెలుసుకొని, ఆ తరువాత ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టాలని ఆమె ఉద్దేశం. కార్యాలయంలో ఫోను నంబరు అడిగితే, ఇంట్లో అందరూ వాడుకునే నంబరు ఒక్కటే ఆమెకు తెలుసు కనుక దానినే చెప్పింది. నాలుగు రోజుల తరువాత అక్కడి గుమాస్తా ఆ నంబరుకు వాట్సాప్‌లో సందేశం పంపాడు. ఖులా నోటీసు ముసాయిదా సిద్ధమైందనీ, వచ్చి సంతకం చేయవలసిందనీ దాని సారాంశం. ఆ సమయానికి ఫోను ఆమె మరిది చేతిలో ఉన్నది. ఆ రాత్రే ఆమెను పుట్టింటికి పంపివేశారు. పెద్దల సంప్రదింపులకు ఇక చోటు మిగలలేదు.

ఇందులో దుర్మార్గులను వెదకవలసిన పనిలేదు. గుమాస్తా అబద్ధం రాయలేదు. న్యాయవాది ఆమె రహస్యాన్ని ఎవరికీ అమ్ముకోలేదు. ఇద్దరూ తమ పని వేగంగా చేశామనే అనుకున్నారు. వారు అడగకుండా వదిలిన ప్రశ్న ఒక్కటే: "అమ్మా, ఈ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? దీనికి సందేశం పంపవచ్చునా?" ఆ ఒక్క ప్రశ్న అడగనందున ఒక సంసారాన్ని చక్కదిద్దుకునే అవకాశమే చేజారిపోయింది.

న్యాయవాదికి కక్షిదారు చెప్పిన మాట రహస్యమన్నది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. అది చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షనుగా కొనసాగుతున్నది. కక్షిదారు స్పష్టంగా సమ్మతిస్తే తప్ప, తన వృత్తి నిర్వహణలో విన్న మాటను, చూసిన పత్రంలోని సంగతిని, తాను ఇచ్చిన సలహాను న్యాయవాది బయటపెట్టరాదు. చట్టవిరుద్ధమైన పని నెరవేర్చుకోవడానికి చెప్పిన మాటలకూ, వకాల్తా మొదలైన తరువాత జరిగిన నేరం లేదా మోసం న్యాయవాది కంటబడినప్పుడూ ఈ రక్షణ ఉండదు. మిగిలిన అన్ని సందర్భాలలో ఈ బాధ్యత కేసు ముగిసిన తరువాత కూడా నిలిచి ఉంటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి సైతం దీనిని ఉల్లంఘించరాదని న్యాయవాదులను ఆదేశించింది.

ఈ సెక్షనులో మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన మాట ఒకటున్నది. ఈ నియమం న్యాయవాదితో ఆగిపోదు. ఆయన గుమాస్తాకు, ఉద్యోగులకు, దుబాసీకి కూడా వర్తిస్తుంది. ఉర్దూ మాత్రమే ధారాళంగా మాట్లాడగల మన తల్లులు, సోదరీమణులు తెలుగు న్యాయవాది ముందు కూర్చున్నప్పుడు వారి మాటను అటూ ఇటూ వినిపించే మనిషికీ నోరు కట్టుకోవలసిన బాధ్యత ఉన్నదన్నమాట. గుమాస్తా చేతిలోని ఫోను న్యాయవాది చేతిలోని ఫోనుతో సమానమే. "మా కుర్రాడు పొరపాటున పంపాడు" అన్నది జవాబు కాజాలదు.

ఈ రహస్యం న్యాయవాది సొత్తు కాదు, కక్షిదారు హక్కు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఈ సంగతినే మరింత గట్టిగా చెప్పింది. దర్యాప్తు సంస్థలు న్యాయవాదులకే సమన్లు పంపి కక్షిదారుల వివరాలు రాబట్టజూసిన నేపథ్యంలో వెలువడిన తీర్పు అది. 132వ సెక్షనులోని మినహాయింపుల కిందకు వస్తే తప్ప అలా సమన్లు పంపరాదనీ, ఆ సందర్భంలోనైనా ఎస్పీ హోదాకు తగ్గని పై అధికారి ఆమోదం ఉండాలనీ నిర్దేశించింది. న్యాయవాది డిజిటల్ పరికరాలను కోర్టు ముందే ఉంచాలనీ, వాటిని తెరిచేటప్పుడు ఇతర కక్షిదారుల గోప్యతకు భంగం కలగరాదనీ చెప్పింది. పోలీసులు చూడడానికే ఇన్ని కట్టుబాట్లు ఉన్న సమాచారాన్ని, మరిది చదివే ఫోనుకో, నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపుకో మనమే పంపివేయడం ఎంత విపరీతం!

అంతకుముందే, 2017 ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ తరువాత వచ్చినదే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. సమ్మతి అంటే ఏమిటో ఆ చట్టం వివరించింది. అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఒక నిర్దిష్టమైన పనికోసం, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులభంగానే ఉండాలి. సమ్మతి కోరే మాటలను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. ఈ చట్టపు నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన బాధ్యతలు మాత్రం ఆపై పద్దెనిమిది నెలలకు అమలులోకి వస్తాయి.

చట్టబద్ధమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన సమాచార వినియోగానికి ఇందులోని అనేక నిబంధనల నుండి మినహాయింపు ఉన్నది. కనుక దావా వేయడానికి ప్రతి కాగితంపైనా వేర్వేరుగా సమ్మతి కావాలని మేము వాదించడంలేదు. అయితే ఆ సమాచారాన్ని భద్రంగా కాపాడవలసిన బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు. చట్టం అడగకపోయినా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆ సోదరి ఉదంతం అందుకు నిదర్శనం.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలకు ఈ పద్ధతి కొత్తది కాదు. అక్కడ 1991లోనే టెలిఫోన్ వినియోగదారుల రక్షణకు చట్టం వచ్చింది. వీసా పనికో, ప్రమాద పరిహారానికో న్యాయవాద సంస్థకు నంబరు ఇచ్చేటప్పుడు, సందేశాలు పంపడానికి అంగీకారమేనా అని విడిగా అడిగే వాక్యం పత్రంలో కనబడుతుంది. వద్దనుకుంటే 'స్టాప్' అని ఒక్కమాట పంపితే చాలు. ఆ వాక్యాలను చాలామంది చదవకుండానే అంగీకరిస్తారన్నదీ నిజమే. అయినా అడగడమనే ఆచారమొకటి అక్కడ స్థిరపడింది. మన జిల్లా కోర్టుల చుట్టూ ఉన్న కార్యాలయాలలో అది ఇంకా మొదలుకావలసి ఉన్నది.

సందేశాలు వద్దేవద్దని మేము అనడంలేదు. వాయిదా తేదీ తెలియక కేసు కొట్టివేతకు గురైన పేదలున్నారు. వాయిదా పడిందని తెలియక కూలి పోగొట్టుకొని కోర్టుకు వచ్చి తిరిగి వెళ్ళినవారున్నారు. అలాంటివారికి ఒక సందేశం మేలు చేస్తుంది. కోర్టులే ఈ-కోర్టుల సేవ ద్వారా కేసు సమాచారాన్ని సందేశాలుగా పంపుతున్నాయి. కావలసిందల్లా సందేశంలో ఎంత ఉండాలన్న విచక్షణ. ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసినవారికి రెండు కవర్ల పద్ధతి తెలుసు. రహస్య పత్రాన్ని లోపలి కవరులో పెట్టి, దానిపై రహస్యమని రాసేవారు. బయటి కవరుపై మాత్రం చిరునామా తప్ప మరేమీ ఉండేది కాదు. దానిని మోసే మనిషికి లోపల ఏమున్నదో తెలియదు. న్యాయవాది పంపే సందేశం ఆ బయటి కవరువలె ఉండాలి. "గురువారం పదకొండు గంటలకు కార్యాలయానికి రండి" అంటే చాలు. ఖులా అనీ, మనోవర్తి అనీ, బెయిలు అనీ అందులో రాయనక్కరలేదు.

మరొక వైపు నుండి వచ్చే సందేశాలూ ఉన్నాయి. "మీకు పరిహారం ఇప్పిస్తాము, మీ వక్ఫ్ తగాదా తేల్చిపెడతాము" అంటూ మన బస్తీలలోని ఫోన్లకు వచ్చే సందేశాలను పాఠకులు నమ్మరాదు. ప్రకటనల ద్వారాగాని, దళారుల ద్వారాగాని న్యాయవాదులు కేసులు రాబట్టుకోవడాన్ని బార్ కౌన్సిల్ 36వ నియమం నిషేధించింది. అలాంటివారి చేతికి మన నంబరు ఎవరిచ్చారన్నది ప్రతి కుటుంబం వేసుకోవలసిన ప్రశ్న. ప్రచార సందేశాలు వద్దనుకునేవారు 1909కు ఫోను చేసి నమోదు చేసుకోవచ్చు.

ఇక మనల్ని మనమే ప్రశ్నించుకోవలసిన విషయానికి వద్దాము. న్యాయవాదులను నిలదీసేముందు మన సహాయక సంఘాల ఫోన్లను ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఓటరు జాబితా పనికోసం, స్కాలర్‌షిప్పుల కోసం, కేసుల సాయం కోసం మనం సేకరించిన ఆధార్ కార్డులు, నికాహ్‌నామాలు, ఎఫ్ఐఆర్ ప్రతులు ఎన్ని గ్రూపులలో పడి ఉన్నాయి? సదుద్దేశంతోనే పెట్టాము. కాని ఆ గ్రూపులో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు? పైగా న్యాయవాదికి ఉన్న చట్టరక్షణ మసీదు కమిటీకి లేదు, ఖాజీ సాహెబుకు లేదు, మావంటి సేవా కార్యకర్తలకు లేదు. మనకు చెప్పిన మాటపై కోర్టు మనల్ని సాక్షిగా పిలవవచ్చు. అందుచేత, కేసుగా మారగల సంగతిని విన్నవెంటనే "ఇది మాకు కాదు, న్యాయవాదికి చెప్పండి" అని ఆపడమే నిజమైన సాయం. రుసుము ఇచ్చుకోలేని స్త్రీలకు దారి మూసుకుపోలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. గోప్యత అనగానే "ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి, కోర్టు మెట్లెక్కరాదు" అని కొందరు పెద్దలు తలూపవచ్చు. మా ఉద్దేశం అది కాదు. మన కుటుంబాల తగాదాలు వీధిన పడితే టీవీ చర్చలకు ముడిసరుకవుతున్నాయన్న బాధ మాకూ ఉన్నది. దానికి విరుగుడు మన ఆడబిడ్డల నోరు నొక్కడం కాదు. భయపడకుండా న్యాయవాదివద్దకు వెళ్ళి, చెప్పిన మాట బయటికి పొక్కదన్న భరోసాతో తిరిగి వచ్చే వీలు కల్పించడమే. గోప్యత హక్కు కోరే మనిషికి అండగా ఉండాలి తప్ప, హక్కు కాజేసే మనిషికి తెర కారాదు.

ఇవన్నీ మనకు కొత్త పాఠాలు కావు. అనుమతి కోరకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇండ్లలోకి వెళ్ళరాదనీ, తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళడమే పరిశుద్ధమైన పద్ధతి అనీ దివ్య ఖుర్ఆన్ సూరా అన్‌నూర్‌లో బోధించింది. మూడుసార్లు అనుమతి కోరినా లభించకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త (స) నేర్పారు. ఒకరి లోగుట్టును కూపీ లాగరాదని సూరా హుజురాత్ హెచ్చరించింది. నేడు ఫోను కూడా ఒక గడపే. దానిని దాటి వెళ్ళే ప్రతి సందేశానికీ ఆ మర్యాద వర్తిస్తుంది. నమ్మి చెప్పిన మాట అమానతు. ఆ అమానతును గూర్చి రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

కనుక పాఠకులకు మా విన్నపం ఇది. న్యాయవాదివద్ద నంబరు రాయించేముందు నాలుగు సంగతులు మీరే చెప్పి రాయించండి: ఏ నంబరుకు పంపవచ్చు, ఏ వేళలో పంపవచ్చు, ఏ భాషలో పంపాలి, సందేశంలో ఏమి రాయరాదు. ఇంటి ఫోను అందరిదీ అయితే సందేశమే వద్దని, తామే వచ్చి కనుక్కుంటామని చెప్పండి. ఒకసారి ఒప్పుకున్నా తరువాత వద్దనవచ్చునని గుర్తుంచుకోండి. న్యాయవాద మిత్రులకు మా విజ్ఞప్తి: వకాలత్‌నామాతోపాటు ఈ నాలుగు ప్రశ్నలున్న ఒక చిన్న కాగితాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చువేయించి ఉంచండి. చదవలేనివారికి చదివి వినిపించండి. మన సంఘాల బాధ్యులు ఈ నెలలోనే తమ గ్రూపులలోని పత్రాలను పరిశీలించి, పని ముగిసినవాటిని తొలగించాలి.

ఆ సోదరి ఇప్పుడు పుట్టింట ఉన్నది. కేసు నడుస్తున్నది. ఈసారి వాయిదా తేదీలను ఆమె తల్లి స్వయంగా కార్యాలయానికి వెళ్ళి తెలుసుకొని వస్తున్నది. నంబరు మాత్రం ఇవ్వలేదు.