ఆ బూట్లు విప్పనివ్వకండి

వంకర పాదాలతో బిడ్డ పుడితే మన ఊళ్లలో ఇప్పటికీ ముందు గ్రహణం మాటే వస్తుంది. కడుపుతో ఉండి బయట తిరిగిందని తల్లినే నిలదీస్తారు. ఇక చాలు! దాదాపు వెయ్యి మంది పసివాళ్లలో ఒకరికి ఇలా అవుతుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, తల్లి తప్పు అసలే లేదు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సేటి పెద్ద ఆపరేషన్ అక్కర్లేని దారి ఎప్పుడో చూపించారు. వారం వారం పాదాన్ని చేత్తో మెల్లగా తిప్పి, తొడ దాకా పిండికట్టు వేస్తారు. మామూలుగా ఐదారు కట్లకు పాదం దారికొస్తుంది. మడమ మాత్రం చాలామందికి పైకే లాక్కుని ఉంటుంది. అప్పుడు తిమ్మిరి మందిచ్చి, మడమ వెనక తాడులా బిగిసిన స్నాయువును సన్నని బ్లేడుతో తెంపుతారు. కొన్ని నిమిషాల పని. చాలాచోట్ల ఓపీలోనే చేసి, బిడ్డను ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఆ పైన మూడు వారాలు వేసే చివరి కట్టులో తాడు పొడవు పెరిగి అతుక్కుంటుంది.

ప్రభుత్వాసుపత్రిలో పైసా తీసుకోకపోయినా ఖర్చు తప్పదు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు, నిజమే. పోయిన కూలి మాటేమిటి? ఇంటి దగ్గర వదిలిన పెద్దపిల్లను ఎవరు చూస్తారు? నాలుగో కట్టుకు రాని తల్లిని బుద్ధిలేనిదని తిట్టే పెద్దమనుషులు ముందు దీనికి జవాబు చెప్పాలి.

అసలు గండం కట్లన్నీ విప్పాక ఉంది. పాదం మళ్లీ వంకర తిరగకుండా కడ్డీకి బిగించిన బూట్లు మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రవేళల్లో ఉండాలి. పాదం చక్కబడిందిగా, పసివాడికి ఈ సంకెళ్లెందుకని నాయనమ్మ జాలిపడి విప్పేస్తుంది. వంకర తిరగబెట్టేది ఎక్కువగా ఆ జాలివల్లే. చేసిన వైద్యమంతా నీళ్లపాలు!

పొదుపు సంఘం అక్కల్లారా, కట్టుకు వెళ్లే రోజు ఆ తల్లి కూలి సంఘమే సర్దండి. ఆశా చెల్లెళ్లూ, రాత్రిపూట ఒకసారి గడప తొక్కి బూట్లలో మడమ కిందికి ఆనిందో లేదో చూడండి. తండ్రులూ, ఆసుపత్రి పని ఆడవాళ్లకే వదలకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే పిల్లల లోపాల పట్టికలో వంకర పాదాలు ఉన్నాయి. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే ఈ వారమే ఆ తల్లిని వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లండి, జిల్లా ఆసుపత్రికి రాయించండి.