వేలిముద్ర మనది, జవాబు ఎవరిది?

ఈ మధ్య సంఘం ఆఫీసుకు వచ్చే రైతుల్లో చాలామంది జేబులోంచి ఫోను తీసి ఒకే రకం మెసేజ్ చూపిస్తున్నారు. మీ అర్జీ పరిష్కారమైంది అని. ఎవరు పరిష్కరించారు, ఏమని పరిష్కరించారు అనేది అందులో ఉండదు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి కలెక్టరేట్‌కు పోయి, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వరసలో నిలబడి ఇచ్చిన కాగితం అది. కంప్యూటర్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి మండలానికి దిగింది. చివరికి ఏ ఆఫీసు మీద మొర పెట్టుకున్నామో ఆ ఆఫీసు లాగిన్‌కే చేరింది. వాళ్లే మూసేశారు. జిల్లా లెక్కల్లో అది పరిష్కారమైన అర్జీ. చేను గట్టు కాడ మాత్రం తగాదా నిన్న ఎట్లుండిందో ఈరోజూ అట్లే ఉంది.

కంప్యూటర్ వద్దని మన సంఘం ఎన్నడూ అనలేదు. కాగితం కాలం ఎట్లుండిందో మనకు తెలుసు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా అడంగల్ కరణం ఇంట్లో ఉండేది. పెట్టె ఆయనది, తాళం ఆయనది, రాతా ఆయనదే. ఏ సర్వే నంబరులో ఎవరి పేరుందో తెలుసుకోవాలంటే మన పెద్దోళ్లు నెయ్యి చెంబో కందిబేడల మూటో పట్టుకుని పోవాల్సిందే. ఆ తర్వాత కూడా ఒక నకలు కోసం వారాలు తిరిగిన రోజులున్నాయి. ఇప్పుడు మీభూమిలో 1బి, అడంగల్ అర్ధరాత్రి కూడా చూసుకోవచ్చు. ముంగారు ముందు సబ్సిడీ విత్తనకాయల కోసం చెప్పులు, రాళ్లు, పాసుపుస్తకాల జిరాక్సులు వరసలో పెట్టి రాత్రంతా అక్కడే పడుకున్న జిల్లా మనది. ఊర్లోనే వేలిముద్ర వేసి మూట తెచ్చుకోవడం ఆ చెప్పుల వరస కంటే వంద రెట్లు మేలు. కాదనేవాళ్లు ఆ వరసలో ఎప్పుడూ నిలబడనివాళ్లు.

మన తగాదా ఇంకోచోట ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ మనల్నే చూస్తాయి. మన వేలు, మన మొహం, మన ఆధార్, మన బ్యాంకు ఖాతా, మనం నిలబడిన జాగా అన్నీ అడుగుతాయి. ఆఫీసరును ఏమీ అడగవు.

ఈ-క్రాప్ సంగతే చూడండి. రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడు చేనుకు వచ్చి సర్వే నంబరు తెరిచి, పంట రాసి, ఫోటో తీసి, రైతు చేత ఈకేవైసీ చేయిస్తే పంట నమోదైనట్టు. రెవెన్యూ వాళ్లు కూడా సరేననాలి. ఇన్‌పుట్ సబ్సిడీ రావాలన్నా, బీమా రావాలన్నా, మద్దతు ధరకు కాయలు అమ్ముకోవాలన్నా ఈ ఒక్క నమోదే ఆధారం. అంటే ఈ-క్రాప్‌లో ఎక్కని చేను ప్రభుత్వం లెక్కలో చేనే కాదు. ఇంత బరువు మోసే నమోదు జరిగేది ఎట్లా? గుట్టల నడుమ సిగ్నల్ రాదు. ఒక్కో సహాయకుడి మీద వందల చేన్లు. రోజుకు ఇన్ని ఎకరాలు చూపించమని పైనుంచి ఫోన్లు. ఆ పిల్లోళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లూ మన ఇండ్ల నుంచి పోయినోళ్లే. జీవితమంతా చెనిక్కాయ చెట్లు పీకి, కాయలు వలిచి అరిగిపోయిన ఆడోళ్ల వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. నాలుగుసార్లు వేలు పెట్టించి, "రావడం లేదమ్మా, రేపు చూద్దాం" అంటారు. ఆ రేపు గడువు దాటాక వస్తే సబ్సిడీ ఎవరిస్తారు? వేలు గుర్తుపట్టలేదని మిషన్ ఏ కాగితమూ ఇవ్వదు. తాను వచ్చానని, వేలు పెట్టానని ఆమె రుజువు చేసుకునే దారీ ఉండదు.

గుత్తకు చేసేవాళ్ల గతి ఇంకా అన్యాయం. ట్యాబు తెరిస్తే ముందు కనబడేది వెబ్‌ల్యాండ్‌లోని పట్టాదారు పేరు. ఆయన అనంతపురంలోనో బెంగళూరులోనో ఉంటాడు. గొర్రు పట్టేది, అప్పు తెచ్చేది, మందు కొట్టేది ఇంకొకరు. 2011లో కౌలుదారుల కోసం చేసిన చట్టంలో గుర్తింపు కార్డుకు యజమాని సంతకం అడగలేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ఆ సంతకం పెట్టించుకు రమ్మంది. కార్డు 11 నెలలే చెల్లుతుందని, యజమాని హక్కుకు ఢోకా లేదని చట్టంలో రాసినా, సంతకం పెడితే భూమి పోతుందనే భయంతో చాలామంది పెట్టరు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇయ్యరు. కాబట్టి ఎవరూ గట్టిగా అడగరు. పీఎం కిసాన్ 6,000 రూపాయలు భూమి పేరున్న కుటుంబానికే. కౌలు రైతు కూడా రైతేనని 2007 జాతీయ రైతు విధానంలో కేంద్రమే రాసుకుంది, ఆ మాట ఏ తెర మీదా కనబడదు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేముందని కొందరు సార్లు అంటారు. నిజమే, తప్పు చేసే తెలివి కూడా దానికి లేదు. ఏ గడి పెట్టాలో, ఏ గడి తీసేయాలో నిర్ణయించేది మనుషులు. తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 అక్టోబరు 29న ధరణి మొదలుపెట్టారు. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. భూమి మీద ఉన్నదెవరో చెప్పే రాత ఒక్క దెబ్బతో మాయమైంది. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయినా సరిచేసే అధికారం తహసీల్దారుకు లేదన్నారు, అప్పీలు చేసుకునే అంచె లేదన్నారు, కోర్టుకు పొమ్మన్నారు. రైతులు కలెక్టర్ ఆఫీసుల చుట్టూ ఏండ్ల తరబడి తిరిగారు. చివరికి ప్రభుత్వం మారి, కొత్త చట్టం చేసి, 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చి అప్పీళ్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. నాలుగున్నర ఏండ్లు! రాసినోళ్లు బాగానే ఉన్నారు, తిరిగినోళ్లే అరిగిపోయారు. మన వైపు రీసర్వే జరిగిన ఊర్లలో నలుగురి భూమి కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం నంబరు వేసిన తంటా ఇంకా తెగలేదు. 2024 డిసెంబరులో రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు. వాటిలో ఎన్ని నిజంగా తెగాయో, ఎన్ని మెసేజ్‌తో మూసుకుపోయాయో ఊరూరా లెక్క తీయాల్సింది మనమే.

ఈ కరువు సీమకే ప్రత్యేకమైన అన్యాయం ఇంకొకటి ఉంది. దుక్కి దున్ని, ఎరువు తోలి, విత్తనం ఇంట్లో పెట్టుకుని ఆకాశం చూసి చూసి, పదును వాన పడక విత్తలేకపోయిన రైతు నష్టపోయినట్టా కానట్టా? విత్తనం వేసి ఎండినవాడి కంటే ఇతని నష్టం కొంచెం తక్కువ కావచ్చు, అంతే. కంప్యూటర్‌లో మాత్రం అది ఖాళీ భూమి. ఎందుకు ఖాళీగా ఉందని ఎవరూ రాయరు. పంట లేదు కాబట్టి నమోదు లేదు, నమోదు లేదు కాబట్టి నష్టం లేదు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో విత్తలేని పరిస్థితికి కూడా పరిహారం ఉంది, బీమా మొత్తంలో నాలుగో వంతు దాకా. మన చెనిక్కాయను వాతావరణ బీమా కిందికి తోసి ఆ దారి మూశారు. గుట్టకు అవతల కురిస్తే ఇవతల కురవని నేల ఇది. మండలంలో ఎక్కడో ఒకచోట నిలబెట్టిన వాన కొలిచే మిషన్ మన చేను రాత రాస్తుంది.

కంప్యూటర్ ఎప్పుడూ మనకు ఎదురే నిలబడిందా అంటే, లేదు. మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఆ పథకానికి మన రాష్ట్రంలో కట్టిన కంప్యూటర్ లెక్కలో ఏ కూలీ ఎన్ని రోజులు చేశాడు, ఎంత కూలి పడింది అనేది ఎవరైనా చూడగలిగేట్టు పెట్టారు. అంతటితో ఆగలేదు. సామాజిక తనిఖీ పెట్టి, ఆ లెక్కల కాగితాలు ఊరికి తెచ్చి, ఇల్లిల్లూ తిరిగి అడిగి, రచ్చబండ కాడ పైకి చదివారు. "నేను పని చేసిందే లేదు, నా పేరు మీద డబ్బెట్లా పడింది?" అని కూలీలు లేచి అడిగారు. మండలంలో బహిరంగ సభ పెట్టి అధికారులను నిలబెట్టారు. తిన్నది కక్కించిన చోట్లూ ఉన్నాయి. అదే పథకంలో తర్వాత ఏం చేశారు? 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఎండలో గుంత తవ్విన మనిషికి ఆ రోజు కూలి గల్లంతు. 2024 జనవరి నుంచి ఆధార్ ముడి పడిన ఖాతాకే డబ్బన్నారు. పథకం ఒకటే, కంప్యూటర్ ఒకటే. మొదట్లో దాని మొహం ఆఫీసు వైపు ఉండింది, తర్వాత కూలీ వైపు తిప్పారు.

2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టారు. మొదటి రోజే 161 సేవలన్నారు. సర్టిఫికెట్టు ఫోనుకే వస్తే సంతోషమే, ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ మిగులుతాయి. కానీ సేవల సంఖ్య చెప్పుకునే ప్రభుత్వం, తిరస్కరించిన అర్జీల సంఖ్య కూడా ఊరివారీగా గోడ మీద అంటించాలి. ఎందుకు తిరస్కరించారో, ఎవరు తిరస్కరించారో రాయాలి. "సిస్టమ్ తీసుకోవట్లేదు" అనేది జవాబు ఎట్లా అవుతుంది? సిస్టమ్‌కు జీతం లేదు, బదిలీ లేదు, దాని మీద అప్పీలు లేదు.

ఇది మనం కొత్తగా కోరే వరం కాదని సార్లకు గుర్తుచేయాలి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం ఏ ప్రభుత్వ ఆఫీసైనా తన నిర్ణయానికి కారణాలు దానివల్ల ప్రభావితమైనవాళ్లకు చెప్పాలి. 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం సెక్షన్ 5 కింద రికార్డులో పేరు మార్చేముందు సంబంధించినవాళ్లకు నోటీసు ఇవ్వాలి. తహసీల్దారు ఉత్తర్వు మనకు అందిన నాటి నుంచి 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడే ఉంది కిటుకు. ఉత్తర్వే చేతికి ఇవ్వకుండా తెర మీద పేరు మారిస్తే ఆ 60 రోజులు ఎప్పటి నుంచి లెక్కేసుకోవాలి? పొలిమేర దాటితే కర్ణాటక. అక్కడ భూమి ప్రాజెక్టులో మ్యుటేషన్ అర్జీలను వచ్చిన వరసలోనే తెగ్గొట్టాలని సాఫ్ట్‌వేర్‌లోనే కట్టేశారు. వెనకొచ్చిన పెద్దాయన ముందుకు దూరకూడదని, ఏ అధికారి ఏ ఫైలు చేశాడో ఆయన వేలిముద్రతోనే తెలియాలని పెట్టారు. 2012 నుంచి సకాల అమల్లో ఉంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా అర్జీదారుకు చెల్లించాలి. అక్కడ అంతా స్వర్గమని చెప్పను, బెంగళూరు చుట్టూ భూములు కొనే పెద్దోళ్లకే ఆ రికార్డులు ముందు పనికొచ్చాయని చెప్పినవాళ్లూ ఉన్నారు. అయినా అధికారి వేలు కూడా మిషన్ మీద పెట్టించవచ్చని తేలింది కదా.

అందుకే సంఘం అడుగుతున్నది ఇది. ఈ-క్రాప్ చేసిన వెంటనే రైతు చేతికి అచ్చు రసీదు రావాలి. వేలు పడకపోతే, ఏ రోజు ఎన్నిసార్లు పడలేదో రాసి సహాయకుడు సంతకం చేసి ఇవ్వాలి, ఆ కాగితం మీదే నమోదు చెల్లాలి. సాగు చేసేవాళ్లెవరో గ్రామసభ చెబితే యజమాని సంతకం లేకున్నా వాళ్ల పేరు ఎక్కాలి. వాన లేక విత్తని చేనుకు విడిగా గడి పెట్టాలి. అర్జీ పెట్టిన రైతు సరేనంటేనే అర్జీ మూయాలి, ఎవరి మీద అర్జీ వేశామో వాళ్ల లాగిన్‌లో మూసే వీలుండకూడదు.

ఇవి వచ్చేదాకా ఊరక కూర్చోవద్దు. ఈ-క్రాప్ ముసాయిదా జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించిన రోజే గ్రామ కమిటీ సభ్యులు ఫోటో తీసుకోవాలి. ఆ సాయంత్రమే దాన్ని రచ్చకట్ట మీద పేరు పేరునా పైకి చదవాలి, గుత్తకు చేసేవాళ్లను, ఒంటరి ఆడోళ్లను పనిగట్టుకుని పిలవాలి. తప్పులుంటే అభ్యంతరం రెండు ప్రతులు రాసి ఒకదాని మీద రసీదు ముద్ర వేయించుకోండి, వేయకపోతే రిజిస్టరు పోస్టు చేయండి. అర్జీ పరిష్కారమైందని మెసేజ్ వచ్చినవాళ్లు ఏ ఉత్తర్వుతో, ఎవరి సంతకంతో మూశారో చెప్పమని సమాచార హక్కు కింద అడగండి. ఊర్లో అయితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. ఈ కాగితాలన్నిటి జిరాక్సులు మండల కమిటీకి చేర్చండి. కట్ట కట్టి, ఒక సోమవారం చూసుకుని, అనంతపురం జిల్లావాళ్లు అనంతపురం కలెక్టరేట్‌కు, శ్రీసత్యసాయి జిల్లావాళ్లు పుట్టపర్తికి అందరం కలిసి పోదాం.