పూర్తిగా పాడండి

2023 మే 28న స్లొవేనియా రాజధాని ల్యూబ్లియానాలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ ‘అలెగ్జాండర్ ద గ్రేట్’ పాటను మొట్టమొదటిసారి జనం ముందు వాయించింది. ఆ పాట 1986లో ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’ ఆల్బమ్‌లో వచ్చింది. దాన్ని కుర్రతనంలో క్యాసెట్లలో విన్నవాళ్లు తాతలయ్యే వయసుకొచ్చారు గానీ, వేదిక మీద మాత్రం వినలేదు. 37 ఏళ్లు అడిగారు. టూర్ ప్రకటించినప్పుడల్లా ఈసారైనా అని ఎదురుచూడటం, మొదటి కచేరీలో పాటల జాబితా బయటికి రాగానే ఉసూరుమనడం వాళ్లకు అలవాటైపోయింది. ఆ రాత్రి ఎవరో ఫోన్లో తీసిన వీడియో నేను ఖమ్మంలో కూర్చుని చూశాను. బొమ్మ వణుకుతోంది, శబ్దం పగిలిపోతోంది. అయినా పాట ఏదో జనానికి తెలిసిపోయిన క్షణంలో లేచిన కేక మాత్రం స్పష్టంగా వినబడుతుంది. అంత ఆనందం నేను ఏ పాత పాటకూ చూడలేదు.

హెవీ మెటల్ అంటే మన వైపు చాలామందికి చెవులు చిల్లులు పడే మోత అనే తెలుసు. ఆ మోతలో కథ ఉంటుందని చెప్పేవాళ్లు తక్కువ. ఐరన్ మెయిడెన్ వాళ్లు యుద్ధాలూ పురాణాలూ ఓడ ప్రమాదాలూ పాడతారు. కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కావ్యాన్ని 1984లో 13 నిమిషాలకు పైగా సాగే పాటగా కట్టారు. 2008 ఫిబ్రవరి 1న ముంబైలో ప్రపంచ యాత్ర మొదలుపెట్టినప్పుడు ఆ 13 నిమిషాలూ వాయించారు. కథ చెప్పే పాటకు అంత సమయం కావాలి. గాలి స్తంభించిపోయి ఓడ కదలకుండా నిలబడే చోట వాద్యాలన్నీ దాదాపు ఆగిపోతాయి. అక్కడ తొందరపడితే పాటే లేదు.

వాళ్ల దగ్గర నేను వినాలనుకునేది ఇంకోటి ఉంది. ‘ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్’. 2015 నాటి ‘ద బుక్ ఆఫ్ సోల్స్’ ఆల్బమ్‌లో చివరి పాట, 18 నిమిషాలు. గాయకుడు బ్రూస్ డికిన్సన్ పియానో మీద కట్టాడు. ఆర్101 అనే బ్రిటిష్ ఎయిర్‌షిప్ కథ అది. ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి కరాచీకి బయల్దేరింది. అప్పటికి కరాచీ అంటే మన దేశమే. 1930 అక్టోబర్ 5 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలి తగలబడింది. అందులో ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు. పాట మెల్లగా పియానోతో మొదలై, తుపానులో పడి, మళ్లీ పియానో దగ్గరికే వస్తుంది. బ్యాండ్ దీన్ని ఇంతవరకు వేదిక ఎక్కించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. 18 నిమిషాలంటే నాలుగు పాటల చోటు. ఆ నాలుగూ అందరూ గొంతు కలిపే పాటలైనప్పుడు పెద్ద పాట పక్కకు పోతుంది. కానీ అడిగితే వస్తుందని కూడా చూశాం. మెటాలికా 1988లో రికార్డు చేసిన ‘ద ఫ్రేయ్‌డ్ ఎండ్స్ ఆఫ్ సానిటీ’ని 26 ఏళ్ల తర్వాత, 2014లో హెల్సింకీలో పూర్తిగా వాయించింది. ఆ ఏడాది టికెట్ కొన్నవాళ్లు ఓట్లేసి పాటలు ఎంచుకునే పద్ధతి పెట్టారు కాబట్టే అది సాధ్యమైంది. ఆ తేదీ కూడా మే 28. మనకు ఎన్టీఆర్ పుట్టినరోజు, మెటల్ అభిమానులకు రెండు మొక్కులు తీరిన రోజు.

ఇదంతా భద్రాచలం అడవి అంచున ఉన్న పాఠకులకు ఎందుకు చెబుతున్నానంటే, నిడివి ఎక్కువైన పాటను వేదిక మింగేయడం ఇక్కడ ఇంకా ఎక్కువ. పైగా ఇక్కడ రికార్డు కూడా మిగలదు.

మన జిల్లాల్లో మంత్రి వచ్చినా, కలెక్టరు వచ్చినా, ఏ ఉత్సవం మొదలైనా ముందు కొమ్ముకోయ బృందం ఉంటుంది. తలకు అడవిదున్న కొమ్ముల పాగా, మెడలో పొడవాటి డోలు. అతిథి కారు దిగినప్పటి నుంచి వేదిక మెట్లెక్కేదాకా వాయిస్తారు. మెట్లెక్కగానే మైకులో ‘చాలు, చాలు’ అంటారు. అలాంటి ఒక సభలో నేను డోలు వాళ్ల పక్కనే నిలబడ్డాను. ఆపమన్న మాట చివరి మనిషి దాకా పాకడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడే ఊపందుకున్న దరువు అది. అందరికంటే వెనకున్న పెద్దాయన కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. పక్కనున్న కుర్రాడు భుజం తట్టాక ఆపి, డోలు చర్మం మీద అరచెయ్యి పెట్టి ఆ మోత అణిచాడు. మంచి డ్రమ్మరు పళ్లెం మీద చెయ్యి వేసి దాని శబ్దాన్ని నొక్కిపట్టడం కచేరీ వీడియోల్లో చాలాసార్లు చూశాను. చేతులు రెండూ ఒకటే పని చేశాయి. డ్రమ్మరు పాట అయిపోయాక చేశాడు, పెద్దాయన చేత మధ్యలో చేయించారు.

స్వాగతం పలికే దరువు ఆ డోలుకు ఉన్న పనుల్లో చాలా చిన్నది. కోయల్లో డోలీలని ఉన్నారు. వంశాల కథలు పాడేది వాళ్లే. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇలా గట్టులుంటాయి. ఏ గట్టుకు ఏ వేల్పు, ఏ ఇంటిపేరు ఏ గట్టులోది, ఎవరు ఎక్కడి నుంచి కదిలి ఎక్కడ స్థిరపడ్డారు అనేదంతా డోలీ నోట్లో ఉంటుంది. కథకు పడిగె ఉంటుంది. మూడు కోణాల గుడ్డ జెండా అది, దాని మీద వేల్పుల బొమ్మలు, మనుషులు, జంతువులు. పడిగె విప్పి, డోలు అందుకుని పాడతారు. సమ్మక్క సారలమ్మ కథ మనకు మేడారంలో రెండేళ్లకోసారి జరిగే జాతరగా తెలుసు. అది డోలీకి పాటగా తెలుసు. పగిడిద్దరాజు, గరికామారాజు, గాదిరాజు ఒక్కొక్కరికీ కథ ఉంది. ఏదీ అయిదు నిమిషాల్లో ముగిసేది కాదు.

సకిని రామచంద్రయ్య ఈ కథలు కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. ఊరు మణుగూరు మండలం కూనవరం. శబరి, గోదావరి కలిసే చోట ఉన్న కూనవరం కాదు, అది ఇప్పుడు ఆంధ్రలో ఉంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక్కసారిగా అందరూ ఆ డోలు వైపు చూశారు. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు, టీవీల వాళ్లు వచ్చి రెండు నిమిషాలు పాడమన్నారు. ఆయన పాడాడు. 2024 జూన్‌లో చనిపోయాడు. పద్మశ్రీకీ మరణానికీ మధ్య రెండేళ్లకు పైనే సమయం ఉంది. ఆ రెండేళ్లలో ఆయన్ని పడిగెతో సహా కూర్చోబెట్టి, టికెట్ పెట్టో పెట్టకో, ఒక కథ మొదటి నుంచి చివరిదాకా పాడించుకునే రాత్రి ఒకటి మన ఊళ్లలో ఏర్పాటు కావాల్సింది. ఐరన్ మెయిడెన్ అభిమానులు 37 ఏళ్లు ఆగినా బ్యాండ్ ఉంది, పాట రికార్డులో ఉంది. డోలీ పాట విషయంలో ఆ భరోసా లేదు. మనిషి పోతే ఆ మనిషి పాడే తీరు పోతుంది. ఎక్కడ గొంతు దించుతాడో, ఎక్కడ డోలు ఒక్కటే మాట్లాడుతుందో, ఎవరి చావు దగ్గర ఎంతసేపు ఆగుతాడో అన్నీ పోతాయి.

సేకరణ జరగలేదని అనడం లేదు. జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ‘ఆద్య కళ’ పేరుతో పడిగెలనూ వాద్యాలనూ పోగుచేసి జనానికి చూపించారు. అది చాలా పెద్ద పని, మనమంతా రుణపడి ఉండాల్సిన పని. కానీ ప్రదర్శనలో గోడకు వేలాడే పడిగె చూసినప్పుడల్లా నాకు దాని ముందు డోలు మోగాలనిపిస్తుంది. ఆ బొమ్మల వరుస పాట నడిచే వరుస. పాడేవాళ్లు లేకుండా దాన్ని చూస్తే ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలబడాలో తెలియదు.

ఇక భద్రాచలం అనగానే గుర్తొచ్చేవాడు రామదాసు. ఖమ్మం పక్కన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. ఆయన కీర్తనలు వందకు పైనే ఉన్నాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వాటిని ఇంటింటికీ చేర్చారు. 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమా మరో తరానికి చేర్చింది. వాటిలో బాగా తెలిసినవి పదో పదిహేనో ఉంటాయి. కచేరీల్లో అవే వినబడతాయి, వాటినీ కత్తిరించే పాడతారు. పల్లవి, రెండు మూడు చరణాలు, చప్పట్లు. భక్తికి రెండు చరణాలు చాలనుకుంటే చాలు. కోపానికి చాలవు.

‘ఇక్ష్వాకు కులతిలక’నే తీసుకోండి. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటున్న తహసీల్దారు దేవుడికి లెక్క అప్పజెప్పే పాట. ప్రాకారాలు కట్టించాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, ఒక్కొక్కదానికీ ఎంతెంత పట్టిందో చెబుతూ పోతాడు. చరణం తర్వాత చరణం ఒకే అచ్చులో నడుస్తుంది. ఆ పునరుక్తి వల్లే లోపల వేడి పెరుగుతుంది. పెరిగి పెరిగి, ఈ సొమ్ము నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని నిలదీసే దాకా వెళ్తుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా కూలిపోతాడు. దెబ్బలకు తాళలేక తిట్టానయ్యా, మనసులో పెట్టుకోకు అంటాడు. మొత్తం పాట ఆ మలుపు కోసమే కట్టినది. రెండు నగలు చెప్పి ఆపేస్తే ఆ నిలదీతకు బలం ఎక్కడిది? ఆ క్షమాపణకు అర్థం ఎక్కడిది? మెటల్ వినేవాడికి ఇది చప్పున తెలుస్తుంది. ఒకే గిటార్ వరుసను ఎనిమిదిసార్లు వాయించాక తొమ్మిదోసారి మార్చితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఎనిమిదీ వినకపోతే తొమ్మిదోది ఉత్త శబ్దం.

గాయకులను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకిచ్చేది ఇరవై నిమిషాలు, అందులో తెలిసిన పాటలు లేకపోతే జనం లేచిపోతారని భయం. ఆ భయం తీర్చాల్సింది వినేవాళ్లే. హెల్సింకీలో అభిమానులు ఓటేసి, పాట వచ్చాక దాని నిడివి మొత్తం నిలబడి విన్నారు. మనం అడగడం మానేశాం. ఏది వడ్డిస్తే అది తిని, చప్పట్లు కొట్టి, బస్సు అందుకోవడానికి లేచిపోతున్నాం. పైగా డోలీ పాట వినే కోయలే చెదిరిపోతున్నారు. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రకు పోయాక ఒకే వేల్పును కొలిచేవాళ్ల మధ్య రాష్ట్రాల గీత పడింది. ముంపు ఊళ్లవాళ్లు కాలనీలకు చేరుతున్నారు. కొలుపు జరిగే చోటు మారితే, చుట్టాలు చెదిరిపోతే, రాత్రంతా కూర్చుని వినే మనుషులు తగ్గుతారు. కాబట్టి అడగాల్సిన సమయం ఇదే.

నేను అడిగేది ఇది. భద్రాచలంలో నవమి కల్యాణం జరిగే మిథిలా స్టేడియం ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. అందులో ఒక రాత్రి కావాలి. ప్రసంగాలు వద్దు, సన్మానాలు వద్దు. ముందు రామదాసు కీర్తన ఒకటి, అన్ని చరణాలతో, గాయకులు అలసిపోయినా సరే. తర్వాత డోలీలు, కావలసినంత సేపు. డోలుకు రెండు వైపులా మైకులు పెట్టాలి. లోతైన మోత ఇచ్చే వైపుకు వేరే మైకు లేకపోతే వెనక వరుసలకు టకటక మాత్రమే వినబడుతుంది, ఛాతీకి తగలదు. పడిగెను కెమెరాతో తెర మీద పెద్దగా చూపాలి. కోయ రానివాళ్ల కోసం కథ మధ్యలో తెలుగు మాట చెప్పడానికి ఒక కోయ టీచరు పక్కన కూర్చోవాలి. డోలీలకు పారితోషికం కర్ణాటక విద్వాంసులకిచ్చినంత ఇవ్వాలి, అందులో బేరం వద్దు. మొత్తం రికార్డు చేసి, మొదటి ప్రతి పాడిన కుటుంబానికే ఇవ్వాలి. ఏ కథ పాడాలో నెల ముందే చీటీలు వేయించి, రెండు రాష్ట్రాల కోయ గూడేల నుంచి కూడా చీటీలు తెప్పించాలి.

నా చీటీ మీద గరికామారాజు కథ అని రాస్తాను. తెల్లవారినా సరే, పూర్తిగా.