వేలాడే కుండీకి వేసవి మొక్కలు

నేలలో నాటిన మొక్కకు దాహమైతే అది వేళ్ళను లోతుకు పంపి చెమ్మను వెదకుకొంటుంది. వరండాలో గొలుసుకు వేలాడే కుండీలోని మొక్కకు ఆ మార్గం లేదు. దానికి ఉన్నది కాసింత మట్టి మాత్రమే. ఆ మట్టిని పైనుండి ఎండ, నలువైపుల నుండి వడగాలి ఆరబెడుతూనే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలన్న ప్రాంతం మనది. ఇక్కడ వేలాడే కుండీకి మొక్కను ఎంచుకొనేటప్పుడు పువ్వు అందం కంటే ముందు దాని ఓర్పును చూడాలి.

చాలా ఇళ్ళలో జరిగేది వేరు. ఫిబ్రవరిలో నర్సరీకి వెళ్ళినవారికి నిండుగా పూసిన పెటూనియా కనిపిస్తుంది. ముచ్చటపడి తెచ్చి వేలాడదీస్తారు. ఎండలు ముదిరేసరికి అది వాడిపోతుంది. తన చేతి వాసి మంచిది కాదని ఇల్లాలు నొచ్చుకొంటుంది. సోదరీమణులారా, లోపం చేతిది కాదు, ఎంపికది. పెటూనియా మన వద్ద చలికాలపు పువ్వు.

మొదట చోటును గమనించండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోటికి గడ్డి గులాబీ తగినది. దీనిని కొందరు నాచుపువ్వు అంటారు. ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకొనే మొక్క గనుక ఎండకు బెదరదు; పైగా ఎండ ఉంటేనే పువ్వు విచ్చుకొంటుంది. కొనవలసిన పని కూడా లేదు. పొరుగింటి నుండి ఒక కాడ తెచ్చి గుచ్చితే చాలు, నాటుకొంటుంది. బిళ్ళగన్నేరు కూడా మండుటెండలో పూస్తుంది. అయితే కుండీలో నీరు నిలిస్తే దాని వేళ్ళు కుళ్ళిపోతాయి. దీనినుండి క్యాన్సర్ మందులు తీస్తారన్నది నిజమే గాని, మొక్క మాత్రం విషపూరితం. చక్కెర వ్యాధికి దీని ఆకు నమలమని ఎవరైనా చెప్పినా వినకండి, పిల్లలకు అందనివ్వకండి.

వంటకు పనికివచ్చేవి కావాలనుకొంటే గంగవాయిలి కూర, వాము ఆకు ఉన్నాయి. రెండూ దళసరి ఆకులవే, రెండూ కుండీ అంచు మీదుగా కిందికి వాలి చూడముచ్చటగా ఉంటాయి. వాము ఆకుకు మధ్యాహ్నం కొంత నీడ ఉంటే మేలు. ఎండ నేరుగా తగలని వరండాకు మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్ చాలు. వాటిని ఎండలో ఉంచితే ఆకులు మాడతాయి.

ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఫజ్ర్ నమాజు తరువాత వేలితో మట్టిని తాకి, ఆరి ఉంటేనే నీరు పోయండి. ఎండలు ముదిరిన రోజుల్లో అస్ర్ తరువాత మరొకసారి చూడండి. వుజూ చేసిన నీటిని గిన్నెలో పట్టి ఉంచితే అదే సరిపోతుంది. మట్టి పూర్తిగా ఎండితే పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంది. అప్పుడు కుండీని బకెట్ నీటిలో పావుగంట ముంచి తీయండి. తడిసిన మట్టి బరువెక్కుతుంది గనుక కొక్కెం గట్టిదేనా అని చూసుకోండి. దాని కింద పిల్లలు తిరుగుతారు.

చివరగా మా మనవి ఒకటి. కట్టి ఉంచిన మేకకు నీరు పెట్టటం కట్టినవారి బాధ్యత. వేలాడదీసిన మొక్క సంగతీ అంతే. తన నీటిని అది తాను వెదకుకోలేదు. కనుక పది కుండీలు కట్టి ఎండబెట్టటం కంటే, ప్రతిదినం చూడగలిగిన రెండింటితో తృప్తిపడటం మేలు. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు వాటిని దింపి, నీడలో ఉంచి, నీరు పోసే పనిని పొరుగువారికి అప్పగించి మరీ తలుపు తాళం వేయండి.