పగిలిన డ్యాష్‌బోర్డుకు కొబ్బరినూనె పనిచేస్తుందా?

వినుకొండలో ఏడవ తరగతి చదువుతున్న ఒక పాఠకుడు ఇట్లా రాశాడు: "మా మామయ్య దగ్గర పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. దాని డ్యాష్‌బోర్డు మూడుచోట్ల పగిలింది. కొబ్బరినూనె రాస్తే అతుక్కుంటుందని నేనంటున్నాను. అది ఇక బాగుపడదు, కారు అమ్మేస్తానని మామయ్య అంటున్నాడు. ఎవరి మాట ఒప్పు?"

ఇద్దరి మాటా ఒప్పు కాదు. నూనెతో పగులు అతకదు. అంతమాత్రాన కారు అమ్ముకోవలసిన పనీ లేదు.

ముందు ఆ పేరు సంగతి చెబుతాను. గుర్రపు బండ్ల కాలంలో, గుర్రం గిట్టలు చిమ్మే బురద బండివాడి మీద పడకుండా ముందువైపు ఒక చెక్కనో, తోలునో అడ్డంగా బిగించేవారు. దాన్నే డ్యాష్‌బోర్డు అన్నారు. గుర్రం పోయి ఇంజను వచ్చింది, పేరు మాత్రం పోలేదు! మొదట్లో కార్లకు దీన్ని చెక్కతోనో, ఇనపరేకుతోనో చేసేవారు. ప్రమాదం జరిగినప్పుడు తలలు దానికి కొట్టుకునేవి. అందుచేత తరువాత మెత్తవి వచ్చాయి: అడుగున గట్టి చట్రం, దాని మీద స్పాంజివంటి నురుగు, పైన రెక్సిన్ వంటి తొడుగు. 1969లో జపానులో నిస్సాన్ కంపెనీవారు డాట్సన్ 240జెడ్ అనే స్పోర్ట్స్ కారును బయటపెట్టారు. చాలా అందమైన కారు. అయితే దాని డ్యాష్‌బోర్డు పగుళ్లకు పేరుమోసింది. అంత పాత కారులో పగలని డ్యాష్‌బోర్డు కనిపిస్తే ఆ కారు ప్రియులు ఆగి మరీ చూస్తారు.

అది ఎందుకు పగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు పల్నాటి పొలాల్లోనే ఉంది. ఎండాకాలంలో నల్లరేగడి నేల నెర్రెలు విచ్చటం మీరు చూచే ఉంటారు. వానలకు నీరు తాగి ఉబ్బిన మట్టి, ఆ నీరు ఆవిరైపోగానే కుంచించుకుపోతుంది. కాని అడుగునున్న నేల దాన్ని పట్టుకుని ఉంటుంది గనక అంతా కలిసి ఒక పక్కకు జరగలేదు. ఇక చీలిపోవటమే దారి.

డ్యాష్‌బోర్డు తొడుగులో పోయేది నీరు కాదు, నూనె వంటి ఒక ద్రవం. ఈ తొడుగును సాధారణంగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. మన ఇళ్లలో నీళ్ల గొట్టాలూ దానితో చేసేవే. గొట్టం ఎంత గట్టిగా ఉంటుందో చూడండి! అదే పదార్థంలో కొన్ని ద్రవాలు కలిపితే గుడ్డలాగా మెత్తబడుతుంది. వేడికి ఆ ద్రవాలు కొద్దికొద్దిగా ఆవిరై పోతుంటాయి. కారు ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుపొర ఏర్పడటానికి ఇదొక కారణం. ద్రవం పోయినకొద్దీ తొడుగు కుంచించుకుని పెళుసెక్కుతుంది. దీనికి తోడు సూర్యకాంతి కూడా ప్లాస్టిక్‌ను చెడగొడుతుంది.

వేడి ఎంత ఉంటుందంటారా? అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో కొందరు శాస్త్రజ్ఞులు కొలిచి, 2018లో ఆ లెక్కలు ప్రకటించారు. బయట సుమారు 38 డిగ్రీలు ఉన్న రోజుల్లో, గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మీ పల్నాడు జిల్లాలోదే. ఇక మీ మామయ్య కారు సంగతి వేరే చెప్పాలా!

ఇప్పుడు కొబ్బరినూనె. అది పైపైన జిడ్డుగా నిలుస్తుందే గాని, పోయిన ద్రవం స్థానంలోకి చేరి తొడుగును మళ్లీ సాగేట్టు చెయ్యలేదు. పైగా తరువాత వేసే జిగురును అంటుకోనివ్వదు. ఇప్పటికే రాసి ఉంటే ముందు ఆ జిడ్డు పూర్తిగా వదిలించాలి.

బాగుచేసే పని పెద్దవాళ్లది. సీటు కవర్లు కుట్టే షాపులో నేర్పుగలవాడు చెయ్యగలడు. మీరు పక్కన నిలబడి చూడవచ్చు. బ్యాటరీ తీగ విప్పి, ఏ తీగ ఎక్కడిదో చీటీలు కట్టి, డ్యాష్‌బోర్డును బయటికి తీస్తారు. పగులు అంచులు పైకి లేచి ఉంటాయి. వాటిని కోసేసి, లోపలి నురుగును కాలువలాగా చెక్కుతారు. పగులు చివర చిన్న గుండ్రటి రంధ్రం చెయ్యటం మంచిది. బట్టల కొట్టులో చూడండి, గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే చాలు, సర్రున చిరుగుతుంది. లాగే బలమంతా గాటు మొన దగ్గర పోగవుతుంది. మొనను గుండ్రంగా చేస్తే ఆ బలం చెదిరిపోతుంది, పగులు ముందుకు పోవటం తగ్గుతుంది.

కాలువను దేనితో నింపాలి? కారు రేకు సొట్టలకు వాడే గట్టి లప్పం ఇక్కడ పనికిరాదు. అది వంగదు. వేడికి చుట్టూ ఉన్న నురుగు సాగినంత సాగదు గనక దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. ఎండిన తరువాత కూడా కొంచెం వంగే మందే వెయ్యాలి. అది బాగా గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. వేలికి తగిలే ప్రతి ఎత్తుపల్లమూ రేపు కొత్త తొడుగు మీద కంటికి కనిపిస్తుంది. ఈ దుమ్ము పీల్చకూడదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. జిగురు పని కూడా గాలి ఆడేచోటనే చెయ్యాలి.

కొత్త తొడుగుకు అన్నివైపులా సాగే రెక్సిన్ కావాలి. మెరిసేది వద్దు, దాని నీడ అద్దంలో పడి దారి కనిపించదు. రెండువైపులా జిగురు రాసి, తడి ఆరేదాకా ఆగి, మధ్యనుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి. వంపుల దగ్గర వేడిగాలితో మెత్తబరుస్తారు. ఇక్కడే తొందరపడేవాళ్లు చెడగొడతారు. ముడతలు పోవాలని బిగించి లాగితే, ఆనాటికి నున్నగానే ఉంటుంది. మొదటి వేసవిలో అది మళ్లీ దగ్గరికి లాక్కుని, మీటర్ల పక్క గుంటల్లో పైకి లేస్తుంది. అందుకే గుంటల్లో ముందు అంటించి, ఆ తరువాతే ఎత్తులకు రావాలి. మీటర్ల రంధ్రాలు అన్నిటికన్నా చివర కొయ్యాలి.

ఒక్క మాట. కొత్త కార్లలో డ్యాష్‌బోర్డు వెనక గాలిసంచి దాగి ఉంటుంది. ప్రమాదంలో అది తొడుగును చీల్చుకుని క్షణంలో బయటికి రావాలి. అటువంటి కారుకు పైన మరో తొడుగు అంటించకూడదు.

పని అయ్యాక కారును నీడలో పెట్టమని మామయ్యతో చెప్పు. నీడ లేకపోతే అద్దం లోపల అట్ట నిలబెట్టమను. ఆ అట్ట డ్యాష్‌బోర్డును కాపాడుతుంది గాని, లోపల కూర్చున్న పిల్లల్ని కాదు. తలుపులు మూసిన కారులో వేడి మొదటి అరగంటలోనే ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త డ్యాష్‌బోర్డు చూడాలని ఎంత సరదాగా ఉన్నా, నిలిపి ఉంచిన కారులోకి ఒంటరిగా ఎక్కి తలుపు వేసుకోకు.