ఉమ్మడి ఆస్తిపై ఒక అభాండం

ఈ మధ్య మా వూళ్ళో ఒక సాహిత్య సభ ముగిసిన తర్వాత, అందరం టీ తాగుతూ నిలబడి వుండగా, ఒక అధ్యాపక మిత్రుడు తన ఫోనులో ఒక ఛాయాచిత్రం చూపించాడు. ఆకాశం మీదనుంచి తీసిన చిత్రం అది. మొదట చూసి పూలతోట అనుకున్నాను. పసుపు, నారింజ, నీలం రంగుల మళ్ళు. తేరిపార చూస్తే పూలు కావు, సైకిళ్ళు. చైనాలో ఒక నగరం శివార్లలో వేలకొద్దీ సైకిళ్ళను ఒకదానిమీద ఒకటి పారవేసిన దిబ్బ.

"చూశారా మాస్టారూ, మీ ఉమ్మడి ఆస్తి గతి! అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. అందులోనూ ఎర్రజెండా ఎగిరే దేశంలో!" అన్నాడు మిత్రుడు. చుట్టూ వున్నవారు నవ్వారు. మన సంఘ సభ్యులలో కొందరు కూడా నవ్వారు. ఒకరిద్దరు మాత్రం ఇదంతా పాశ్చాత్య పత్రికల ప్రచారమని గొణిగి వూరుకున్నారు.

ఆ నవ్వుకు సమాధానం చెప్పవలసి వున్నది. ఆ గొణుగుడుకు కూడా చెప్పవలసి వున్నది. ఎందుకంటే, మిత్రుడు అన్నమాట అతనొక్కడిది కాదు. ప్రభుత్వ బడి నుంచి వూరి చెరువు దాకా ఉమ్మడిగా వున్న ప్రతిదానినీ అమ్మివేయవలసిందేనని వాదించేవారందరి నోటా వినవస్తున్న మాట అది. సైకిళ్ళ దిబ్బ వారికి దొరికిన కొత్త సాక్ష్యం. సాక్ష్యాన్ని పరీక్షించకుండా తీర్పుకు తలవంచడం అభ్యుదయవాదుల లక్షణం కాదు.

ముందు, ఆ చిత్రం అబద్ధం కాదు. షెన్‌జెన్ నగరానికి చెందిన ఊ గ్వోయోంగ్ అనే ఛాయాగ్రాహకుడు 2018లో అనేక చైనా నగరాలు తిరిగి ఇటువంటి దిబ్బలను చిత్రించాడు. షియామెన్‌లో, హాంగ్‌జౌలో, షాంఘైలో అవి వుండినవి. ప్రచారమని గొణిగినవారు ఈ సంగతి ఒప్పుకొని తీరాలి. కళ్ళు మూసుకుని కాపాడుకోవలసిన సిద్ధాంతం ఎంతోకాలం నిలవదు.

ఇక కథ ఏమిటి? 2014లో పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ఆఫో అనే సంస్థను పెట్టారు. 2016లో షాంఘైలో మోబైక్ అనే మరొక సంస్థ సైకిళ్ళను వీధిలోకి దించింది. ఫోనుతో తాళం తీసి, సైకిలు తొక్కి, పని అయినచోట వదలి వెళ్ళవచ్చును. స్టాండు అక్కరలేదు, తిరిగి అప్పగించవలసిన చోటంటూ లేదు. ఆలోచన మంచిదే. బస్సు దిగిన మనిషికి ఇంటిదాకా మిగిలిపోయే మైలు దూరానికి సైకిలు కంటె చవకైన, శుభ్రమైన సాధనం లేదు.

ఆ మంచి ఆలోచన మీద పెట్టుబడి వచ్చి వాలింది. ఆఫో వెనుక అలీబాబా, డీడీ నిలిచినవి. మోబైక్ వెనుక టెన్సెంట్ నిలిచింది. వారిని చూసి ఇతరులు దిగారు. 2017 చివరికి 70కి పైగా కంపెనీలు, సుమారు 2 కోట్ల 30 లక్షల సైకిళ్ళు చైనా వీధులలో వున్నవని అక్కడి రవాణా మంత్రిత్వశాఖే చెప్పింది. అప్పటికే 20కి పైగా కంపెనీలు మూతపడినవి. నడవడానికి చోటు లేక, షాంఘై, బీజింగు వంటి నగరాలు 2017లోనే కొత్త సైకిళ్ళు దించరాదని ఆంక్షలు పెట్టవలసివచ్చింది.

నా మిత్రుణ్ణి నేను అడిగేది ఒకే ప్రశ్న. ఇందులో ఉమ్మడి ఆస్తి ఎక్కడ వున్నది? ఒక్క సైకిలైనా తొక్కేవారిదా? వూరిదా? పురపాలక సంఘానిదా? ప్రతి సైకిలూ ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు. ఉమ్మడిగా వున్నది ఒక్కటే, ఆ సైకిళ్ళను పారవేసిన కాలిబాట. కాలిబాట ప్రజలది. దానిని అద్దె చెల్లించకుండా గిడ్డంగిగా వాడుకున్నది కంపెనీ. అంటే ఉమ్మడి ఆస్తి ప్రైవేటు ఆస్తిని పాడుచేయలేదు. ప్రైవేటు ఆస్తే ఉమ్మడి ఆస్తిని ఆక్రమించింది. మిత్రుడు ముద్దాయినీ ఫిర్యాదీనీ తారుమారు చేశాడు.

ఈ తారుమారు ఎలా సాధ్యమైంది? ఒక మాట వల్ల. "షేరింగ్" అన్నారు. అంటే పంచుకోవడం. పూటకూళ్ళ ఇంట్లో డబ్బిచ్చి తిని వచ్చి పెళ్ళిబంతిలో భోంచేశానని చెప్పుకుంటే ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. ఇది అద్దె. అద్దెను అద్దె అంటే ఎవరికీ భ్రమ వుండేది కాదు. పంచుకోవడమన్నారు గనుక, వ్యాపారం దివాలా తీసినప్పుడు అపకీర్తి వ్యాపారానికి రాలేదు, పంచుకోవడానికి వచ్చింది. మాటలతో పని చేసుకునే మనం, రచయితలం, ఈ దొంగతనాన్ని చూస్తూ వూరుకోవడం నాకు సిగ్గుగా వున్నది.

అద్దె సైకిలు మనకు కొత్తది కాదు. నా చిన్నతనంలో మా బజారులో ఒక సాయిబుగారి సైకిలు షాపు వుండేది. గంటకు పావలా. మడ్గార్డు మీద తెల్లరంగుతో అంకె. "ఎవరబ్బాయివిరా?" అని అడిగి, పుస్తకంలో పేరూ టైమూ రాసుకుని ఇచ్చేవాడు. తిరిగి తెచ్చినప్పుడు చైను చూసేవాడు, బెల్లు కొట్టి చూసేవాడు, చక్రం తిప్పి చూసేవాడు. పంక్చరైతే ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో పట్టుకునేవాడు. అవీ పదిమంది తొక్కిన సైకిళ్ళే. ఇరవై ఏళ్ళు నడిచినవి. పదిమంది తొక్కితే వస్తువు పాడవుతుందన్న సూత్రం అక్కడ ఎందుకు పనిచేయలేదు?

ఎందుకంటే సాయిబుగారికి సైకిలే జీవనాధారం. అది తిరిగితేనే అతనికి కూడు. కంపెనీకి సైకిలు జీవనాధారం కాదు. ఈ రహస్యం లెక్క చూస్తే తెలుస్తుంది. ఆఫో గంటకు ఒక యువాన్ తీసుకున్నది. 2017లో పోటీ ముదిరినప్పుడు రెండు కంపెనీలూ నెలకు ఒక యువాన్‌కే తొక్కమన్నవి. ఆ డబ్బు మరమ్మతుకైనా చాలదని వారికి తెలియదా? తెలుసు. తొక్కేవారు చెల్లించిన ధరావతు ఆఫోలో 99 యువాన్లు, తరువాత 199. మోబైక్‌లో 299. సాయిబుగారి షాపులో ఒక సైకిలుకు ఒక పూచీ. ఇక్కడ ఒకే సైకిలును ఎంతమంది తొక్కితే అంతమంది ధరావతులు. వీధిలో ఎన్ని సైకిళ్ళు కనిపిస్తే అంతమంది చేరుతారు, ఎంతమంది చేరితే అంత కొత్త పెట్టుబడి వస్తుంది. అందుచేత సైకిలు ఇక వాహనం కాదు, రోడ్డు మీద నిలబెట్టిన ప్రకటన పలక. పలక విరిగితే బాగుచేయడం కంటె మరొకటి పాతడమే లాభం. ఆఫో తొలి సైకిళ్ళలో ఆచూకీ తెలిపే యంత్రమే లేదు. తాళానికి ఎన్నడూ మారని ఒకే అంకె. తన సైకిలు ఎక్కడ వున్నదో తెలుసుకోవాలనే కోరిక కూడా లేని యజమానికి, ప్రజల బాధ్యతారాహిత్యం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

ప్రజలందరూ సచ్చరిత్రులని నేను వాదించబోవడం లేదు. కొందరు నదులలోకి తోశారు, కొందరు సొంత తాళాలు వేసుకున్నారు, సీట్లు పీకారు. కాని అదే దేశంలో, అదే హాంగ్‌జౌ నగరంలో, 2008 నుంచి పురపాలక రవాణా సంస్థ ఆధ్వర్యాన ప్రజా సైకిళ్ళు నడుస్తున్నవి. మొదటి గంట ఉచితం. నిర్ణీతమైన స్టాండులో తీసుకుని నిర్ణీతమైన స్టాండులో పెట్టాలి. 80 వేలకు పైగా సైకిళ్ళు అలా తిరిగినవి. వాటినీ తొక్కింది ఆ ప్రజలే. ఒకే ప్రజలు ఒక పథకంలో నాగరికులు, మరొక పథకంలో అనాగరికులు ఎలా అయినారు? తేడా ప్రజలలో లేదు, పథకంలో వున్నది.

1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో యువకులు కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా, ఎవరైనా తీసుకోండని వీధిలో పెట్టిన సంగతి ఈ సందర్భంలో తరచు చెబుతారు. దొంగలు ఎత్తుకుపోయారు, ప్రయోగం విఫలమైంది అంటారు. తాళం వేయని సైకిలు వీధిలో వుండడం చట్టవిరుద్ధమని వాటిని పట్టుకుపోయింది పోలీసులు! ఫ్రాన్సులో లా రోషెల్ పురపాలక సంఘం 1970లలోనే పసుపురంగు సైకిళ్ళను ప్రజలకిచ్చింది. ఇవేవీ తెలియనట్టు, 2017లో చైనా ప్రభుత్వ పత్రికలు ఈ అద్దె సైకిళ్ళను దేశపు "నాలుగు కొత్త మహా ఆవిష్కరణల"లో చేర్చి కీర్తించినవి.

ఇక్కడ మన గొణుగుడు మిత్రులతో ఒక మాట. చైనా విప్లవం పట్ల నాకు గౌరవం వున్నది. ఆ విప్లవం మరుసటి సంవత్సరం, 1950లో, తియాన్‌జిన్‌లో "ఎగిరే పావురం" సైకిలు పుట్టింది. చీటీ మీద కొనుక్కున్న ఆ సైకిలును కుటుంబాలు ఆస్తిలా చూసుకున్నవి. అదే తియాన్‌జిన్‌లో, వాంగ్‌చింగ్‌తువో అనే సైకిళ్ళ పట్టణం, ఈ కంపెనీల ఆర్డర్లు నమ్ముకుని రాత్రింబవళ్ళు పనిచేసి, 2018కల్లా ఆర్డర్లు లేక చతికిలబడింది. షాంఘై ఫీనిక్స్ కర్మాగారం తనకు రావలసిన 6 కోట్ల 80 లక్షల యువాన్ల కోసం ఆఫో మీద కోర్టుకెక్కింది. 2018 డిసెంబరులో ధరావతు తిరిగి ఇమ్మని కోటిమందికి పైగా వరుసలో నిలిచారు. తలకు 99 యువాన్లే అనుకున్నా అది 99 కోట్ల యువాన్లు. విద్యార్థులూ, గుమాస్తాలూ, కార్మికులూ ఇచ్చిన డబ్బు. అక్కడి పాలకులు ధరావతులపై గట్టి నియమాలు తెచ్చింది 2019లో, గుర్రాలు పారిపోయిన తర్వాత సాలకు గడియ పెట్టినట్టు. జెండా రంగు చూసి జమాఖర్చు పుస్తకం చదవడం మన పద్ధతి కారాదు. పెట్టుబడి ఎక్కడ స్వైరవిహారం చేసినా దాని గుణం ఒకటే.

ఆ గుణం చైనా సరిహద్దు దగ్గర ఆగలేదు. ఆఫో అమెరికాకు వెళ్ళింది, మన కోయంబత్తూరు, పూణే నగరాలకూ వచ్చింది, 2018లోనే మన దేశం నుంచి నిష్క్రమించింది. సింగపూరులో ఓబైక్ 2018 జూన్‌లో మూతపడేసరికి ప్రజలకు ఇవ్వవలసిన ధరావతు 60 లక్షల డాలర్లకు పైగా తేలింది. అలా అనాథలైన సైకిళ్ళను కొని, 2019లో మైక్ థాన్ టున్ విన్ అనే బర్మా వ్యాపారి పదివేలు తన దేశానికి తెప్పించాడు. మైళ్ళకొద్దీ నడిచి బడికి పోయే పిల్లలకు పంచాడు. మంచి పని, నమస్కరిస్తాను. కాని ఆలోచించండి. బడికి నడిచే పిల్ల అక్కడ ముందునుంచీ వున్నది. సైకిలు తయారుచేయగల కార్మికుడు ఇక్కడ ముందునుంచీ వున్నాడు. ఇద్దరినీ కలపడానికి రెండు కోట్ల సైకిళ్ళ జూదమూ, దివాలా, దిబ్బలూ కావలసివచ్చినవా? 1990ల తొలినాళ్ళలో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆ స్త్రీలకు సైకిలంటే ఏమిటో తెలుసు. పెట్టుబడికి తెలియదు.

ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో మన పల్లెకు ఏనాడో తెలుసు. చెరువు ఉమ్మడిది. అయితే దానికి నీరటికాడు వున్నాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి వంతు ఎప్పుడో కట్టుబాటు వున్నది. పూడిక తీసే బాధ్యత వున్నది. ఆ కట్టుబాట్లలో కులం వున్నది, అన్యాయం వున్నది, దానిని నేను దాచను. కాని కాపలా, వంతు, మరమ్మతు లేనిదాన్ని పల్లె ఎన్నడూ ఉమ్మడి అనలేదు, దిక్కులేనిది అన్నది. ఈ సైకిళ్ళు దిక్కులేనివి. వాటికి దిక్కు లేకుండా చేసింది వాటి యజమానులే.

ఈనాటికీ చైనా నగరాలలో అద్దె సైకిళ్ళు తిరుగుతున్నవి. కాని ఏ నగరంలో ఎన్ని వుండాలో నగరమే నిర్ణయిస్తున్నది. అంటే ప్రజాధికారం కాస్త అడ్డుపడినంత మేరకే ఆ వ్యాపారం బతికింది. ఇదీ మిత్రుని సాక్ష్యమే. అయితే అతని పక్షాన కాక, మన పక్షాన చెబుతున్నది.

రేపు మన హైదరాబాదుకో, విశాఖకో, విజయవాడకో మరొక కంపెనీ రంగురంగుల సైకిళ్ళతో వస్తుంది. రానివ్వండి, కాని నాలుగు ప్రశ్నలు అడగండి. ధరావతు ఎవరి చేతిలో వుంటుంది? మరమ్మతు చేసే కార్మికుడి జీతం ఎంత? కాలిబాటకు అద్దె ఎవరు కడతారు? కంపెనీ వెళ్ళిపోయిననాడు సైకిళ్ళు ఎవరివవుతాయి? వీటికి కాగితం మీద జవాబు రాసి ఇచ్చేదాకా ఒక్క సైకిలునూ దించనివ్వకండి. నా అధ్యాపక మిత్రుడు కూడా ఆ సంతకాల పత్రంలో సంతకం చేయాలని కోరుతున్నాను. కాలిబాట అతనిది కూడా.